బారుకి వేలాడితే ఎత్తు పెరుగుతామా?

(డ్రిల్లు మాస్టారి స్మారక ధర్మనిధి ఉపన్యాసం)

 

ఈ బడిలో చదువుకున్నవాళ్ళకి మాస్టారి పేరు చెప్పనక్కర్లేదు. డ్రిల్లు మాస్టారంటే ఆయనే. ఆయన మీద మాట్లాడమని ధర్మనిధి పెద్దలు అడిగిన రోజు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆఫీసు గది ముందు వరండాలో మూడో స్తంభం. ఏటా జూన్‌లో, బడి తెరిచిన వారంలో, ఆ స్తంభం మీద మా ఎత్తులు బొగ్గుతో గీసేవారు. మడమలు ఆనించి, గడ్డం కొద్దిగా దించి నిలబడితే నెత్తిన చెక్క స్కేలు పెట్టి గీత గీసి, పక్కన పొడి అక్షరాలు రాసేవారు. ఆ తర్వాత మైదానం చివర సింగిల్ బార్ దగ్గరికి నడిపించేవారు. "రోజూ నూరు లెక్కపెట్టేదాకా వేలాడండిరా. పరీక్షల నాటికి రెండంగుళాలు పెరక్కపోతే నన్నడగండి" అనేవారు.

నేను తరగతిలో అందరికంటే పొట్టి. కాబట్టి అందరికంటే ఎక్కువగా వేలాడాను. తొమ్మిదో తరగతిలో ఒక్కసారిగా మూడున్నర అంగుళాలు పెరిగాను. మాస్టారు నన్ను తర్వాతి తరగతుల పిల్లలకి చూపించి బారు గొప్పతనం చెప్పేవారు. నేనూ మనసారా నమ్మాను.

తర్వాత పిల్లల వైద్యుణ్ణయ్యాను. జ్వరం తగ్గిందని చెప్పాక, చీటీ చేతికిచ్చాక, గుమ్మం దగ్గర ఆగి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "బాస్కెట్‌బాల్‌లో వేస్తే పొడుగవుతాడట, నిజమేనాండీ?" అంటారు కొందరు. "పాపని జిమ్నాస్టిక్స్‌లో చేర్పిద్దామంటే మా అత్తగారు వద్దంటున్నారు, గిడసబారిపోతుందట" అంటారు ఇంకొందరు. ఆశా, భయమూ రెండూ ఒకే నమ్మకంలోంచి పుట్టాయి. ఆట ఎముకని సాగదీస్తుందనో, కుదిస్తుందనో. ముప్పై అయిదేళ్ళు ఈ ప్రశ్నకి గుమ్మం దగ్గర రెండు ముక్కల్లో జవాబు చెప్పాను. ఇవాళ మాస్టారి పేరు మీద పూర్తిగా చెబుతాను. ఆయన చెప్పినదాన్ని కొంత కాదనవలసి వస్తుంది. తప్పు చెబితే నిలబెట్టి సరిదిద్దమని నేర్పింది ఆయనే గనక, ఇది ఆయనకి నచ్చుతుందనే అనుకుంటున్నాను.

తొడ ఎముక, కాలి ఎముక లాంటి పొడవాటి ఎముకలకి రెండు కొసల దగ్గరా పలచని మెత్తని పొర ఉంటుంది. మృదులాస్థి పలక అందాం. అందులో కణాలు నాణేలు దొంతర పెట్టినట్టు వరసలు కట్టి ఉంటాయి. అవి విభజన చెందుతాయి, ఉబ్బుతాయి, చివరికి వాటి స్థానంలో ఎముక ఏర్పడుతుంది. పొడవు వచ్చేది ఆ దొంతరలోంచే. దాన్ని నడిపేవి పీయూష గ్రంథి నుంచి వచ్చే ఎదుగుదల హార్మోను, థైరాయిడు, తిన్న తిండి, ఈడు రాగానే పెరిగే లైంగిక హార్మోన్లు. ఈ పలకలు ఆడపిల్లల్లో పద్నాలుగు, పదహారేళ్ళ మధ్యా, మగపిల్లల్లో మరో రెండేళ్ళు ఆలస్యంగానూ సాధారణంగా మూసుకుపోతాయి. మూసే తాళం ఈస్ట్రోజన్ అనే లైంగిక హార్మోను. మగవాళ్ళలో కూడా అదే. ఈ సంగతి 1994లో ఒక్క రోగి వల్ల తేటతెల్లమైంది. 28 ఏళ్ళ మనిషి, 204 సెంటీమీటర్ల ఎత్తు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. అతని శరీరంలో ఈస్ట్రోజన్‌ని అందుకునే గ్రాహకం పనిచేయదు. ఎక్స్‌రేలో ఎముకల వయసు 15 ఏళ్ళని తేలింది. తాళం పడలేదు, అంతే. అతను ఏ ఆట ఆడాడన్నది ఆ కథలో ఎక్కడా రాదు.

బారుకి వేలాడితే ఈ పలకలకి ఏమవుతుంది? ఎత్తు పరంగా ఏమీ కాదు. మరి వేలాడి దిగగానే పొడుగైనట్టు ఉంటుందే? అది వెన్నెముక పని. పూసల మధ్య మెత్తటి దిండ్లుంటాయి. పగలంతా నిలబడి, కూర్చుని, బరువులు మోస్తే వాటిలోంచి నీరు జారి అవి అణుగుతాయి. రాత్రి పడుకుంటే మళ్ళీ నీరు పీల్చుకుంటాయి. పొద్దున లేచినప్పటికీ రాత్రి పడుకోబోయేటప్పటికీ మనిషి ఎత్తులో ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల దాకా తేడా ఉంటుంది. భారం లేని అంతరిక్షంలో నెలల తరబడి ఉన్న వ్యోమగాములు కొన్ని సెంటీమీటర్లు పెరిగి, భూమికి దిగిన కొద్ది రోజుల్లో మళ్ళీ మామూలైపోతారు.

నా విషయంలో ఒకటి జరిగింది. ఎనిమిదో తరగతిలో జూన్ నెలలో ప్రార్థనకి ముందు నా గీత గీశారు. ఆగస్టు మొదట్లో, ఆటలయ్యాక, సాయంత్రం చూడాలని నేనే బతిమాలాను. స్కేలు పాత గీతకి కిందికే వచ్చింది. మాస్టారు రెండు మూడు సార్లు నన్ను సరిచేసి నిలబెట్టారు. గీత మారలేదు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. వేలాడినా కుంచించుకుపోతున్నానని ఏడ్చాను. వైద్య కళాశాలలో వెన్నుపూసల పాఠం విన్న రోజున ఆ సాయంత్రం అర్థమైంది. పొద్దుటి ఎత్తునీ సాయంత్రపు ఎత్తునీ పక్కపక్కన పెట్టి చూశాం, అంతే.

మాస్టారికి తెలియదు గానీ ఆయన స్తంభానికి పెద్ద వంశమే ఉంది. ఫ్రాన్సులో గెనో ద మోంబెయార్ అనే ఆయన 1759లో పుట్టిన తన కొడుకుని దాదాపు ప్రతి ఆరు నెలలకీ నిలబెట్టి కొలిచాడు. 1777 వరకు, అంటే పద్దెనిమిదేళ్ళు. ప్రకృతి శాస్త్రవేత్త బుఫాన్ ఆ కొలతల్ని అచ్చు వేశాడు. ఒక పిల్లవాడు పుట్టింది మొదలు పెద్దయ్యేదాకా ఎలా పెరిగాడో చెప్పే తొలి లెక్క అదే. ఈడొచ్చే వయసులో గీత ఒక్కసారి ఎలా పైకి లేస్తుందో అందులో ఈనాటికీ చూడొచ్చు. రాత్రంతా నాట్యసభలో గడిపి వచ్చిన ఆ కుర్రాడి ఎత్తు తగ్గిందనీ, పడుకుని లేచాక తిరిగి వచ్చిందనీ కూడా బుఫాన్ రాసిపెట్టాడు. ఆ మాట చదివినప్పుడు నా ఆగస్టు సాయంత్రానికి రెండువందల ఏళ్ళ నాటి తోడు దొరికినట్టయింది.

ఇక మనవాళ్ళ దగ్గరికి వద్దాం. పి.వి. సింధు ఎత్తు 179 సెంటీమీటర్లు. "చిన్నప్పట్నుంచీ బ్యాడ్మింటన్‌లో ఎగిరెగిరి కొట్టింది, అందుకే అంత పొడుగు" అని నాకు చెప్పినవాళ్ళున్నారు. ఆమె తండ్రి రమణగారూ, తల్లి విజయగారూ ఇద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. రమణగారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టులో ఆడారు. సింధు రాకెట్ పట్టకముందే ఆమె ఎత్తులో సింహభాగం నిర్ణయమైపోయింది. సింధులాగే శిక్షకుడు గోపీచంద్ దగ్గర తర్ఫీదు పొందిన సైనా నెహ్వాల్ ఎత్తు 165 సెంటీమీటర్లు. అదే ఆట, అదే గురువు. ఆటే ఎత్తునిస్తే ఇద్దరికీ ఇవ్వాలి కదా.

మనుషుల ఎత్తుల్లో కనిపించే తేడాలో, తిండికి లోటు లేని సమాజాల్లో, దాదాపు 80 శాతం వంశపారంపర్యం. 2022లో 54 లక్షల మంది జన్యువుల్ని పరిశీలించి ఎత్తుతో ముడిపడిన పన్నెండు వేలకు పైగా జన్యు తేడాలు గుర్తించారు. ఎత్తు జన్యువు అంటూ ఒక్కటి లేదు. వేల చిన్న చిన్న తోపులు కలిసి మనిషిని నిలబెడతాయి.

కాబట్టి బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర పొడుగువాళ్ళు కనిపిస్తే, పొడుగువాళ్ళు అక్కడికి చేరారని అర్థం. చెరువు గట్టు మీద కొంగలుంటాయి, గట్టు వాటి కాళ్ళని సాగదీయలేదు. ఈ మాట పరీక్షకి నిలిచింది కూడా. బ్రిటన్‌లో 1980ల చివర్లో జిమ్నాస్టిక్స్, ఈత, టెన్నిస్, ఫుట్‌బాల్‌లో గట్టి శిక్షణ తీసుకుంటున్న 453 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి కొలిచారు. తల్లిదండ్రుల ఎత్తులు కూడా రాసుకున్నారు. జిమ్నాస్టులు పొట్టి. వాళ్ళ తల్లిదండ్రులూ పొట్టివాళ్ళే. ఈతగాళ్ళు పొడుగు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పొడుగే. ఏ పిల్లకి ఏ ఎత్తు రావాలని తల్లిదండ్రులనిబట్టి లెక్క వేస్తామో దానికి దగ్గరగానే వచ్చింది.

జిమ్నాస్టిక్స్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. అత్తగారి భయానికి ఆధారం లేకపోలేదు. 1993లో స్విట్జర్లాండ్ వైద్యులు ఒక వ్యాసం ప్రచురించారు. వారానికి 22 గంటల దాకా సాధన చేసే జిమ్నాస్టు అమ్మాయిలని, 8 గంటల దాకా ఈదే అమ్మాయిలతో పోల్చి, జిమ్నాస్టుల కాళ్ళ ఎదుగుదల మందగించిందనీ, వచ్చే ఎత్తు తగ్గవచ్చనీ హెచ్చరించారు. ఆ వ్యాసం ప్రపంచమంతా తిరిగింది. ఆ తర్వాత ఇరవై ఏళ్ళపాటు వచ్చిన పరిశోధనల్ని 2013లో రాబర్ట్ మలీనా తదితర నిపుణులు ఒకచోట పెట్టి చూశారు. జిమ్నాస్టులకి ఈడు ఆలస్యంగా వస్తుంది. అలా ఆలస్యంగా వచ్చే పిల్లలే ఆ ఆటలో నిలదొక్కుకుంటారు. తోటివాళ్ళు గబగబా పెరిగే ఏడాదిలో వీళ్ళు వెనకబడినట్టు కనబడతారు, తర్వాత తాపీగా పెరుగుతారు. సాధన వల్ల పెద్దయ్యాక వచ్చే ఎత్తు దెబ్బతిన్నట్టు ఆధారం లేదని వాళ్ళు తేల్చారు. నడి పరుగులో ఆపి కొలిస్తే వచ్చిన తేడాని తుది ఎత్తులో తేడాగా పొరబడ్డాం.

2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పులో వాల్ట్ విభాగంలో కాంస్యం తెచ్చిన మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి లాంటివాళ్ళని చూసి ఎవరైనా పాప ఆ ఆట కోరుకుంటే, ఎత్తు కారణం చెప్పి ఆపకండి. మణికట్లు ఎలా ఉన్నాయో మాత్రం అడుగుతూ ఉండండి. పదే పదే చేతుల మీద దిగడం వల్ల మణికట్టు దగ్గరున్న ఎదుగుదల పలక నలిగి వాచిపోవడం ఆ ఆటలో నిజంగా ఉన్న ప్రమాదం. నొప్పిని ఓర్చుకోమనే శిక్షకుడి దగ్గర పిల్లని ఉంచకూడదు.

మరి ఆట ఎముకకి ఏమీ చేయదా? చేస్తుంది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే అందంగా తోచిన పరిశోధన టెన్నిస్ ఆటగాళ్ళది. ఒకే మనిషికి ఒక చెయ్యి ఆడుతుంది, ఒకటి ఊరికే ఉంటుంది. జన్యువులు ఒకటే, తిన్న అన్నం ఒకటే, నిద్ర ఒకటే. తేడా రాకెట్ ఒక్కటే. 1977లో 84 మంది వృత్తి క్రీడాకారుల భుజం ఎముకని ఎక్స్‌రేలో చూస్తే, ఆడే చేతి ఎముక గోడ మగవాళ్ళలో దాదాపు 35 శాతం, ఆడవాళ్ళలో 28 శాతం మందంగా ఉంది. ఫిన్లాండ్‌లో 1995లో మరో మెట్టు ఎక్కారు. టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీలలో, పెద్దమనిషి కాకముందో ఆ వేళకో ఆట మొదలుపెట్టినవాళ్ళ ఆడే చేతికి కలిగిన లాభం, ఆ తర్వాత చాలా ఏళ్ళకి మొదలుపెట్టినవాళ్ళకంటే రెండింతలు. చిన్నతనపు ఆట ఎముకకి ఇచ్చేది మందం, సాంద్రత, గట్టితనం. యాభై ఏళ్ళు దాటాక మా అమ్మలకీ అత్తలకీ తుంటి విరుగుతున్న ఈ రోజుల్లో ఇది చిన్న వరం కాదు. పన్నెండేళ్ళ పిల్లని "ఇంక ఆటలు చాలు, ఇంట్లో కూర్చో" అని మైదానంలోంచి పిలిచేసే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సరిగ్గా ఆ రెండు మూడేళ్ళే ఆమె ఎముక బలం దాచుకునే కాలం.

బరువులెత్తితే గిడసబారతారన్న మాట కూడా ఇలాంటిదే. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో నీలంశెట్టి అప్పన్నగారి దగ్గర చిన్న వయసులోనే బరువులు పట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత స్త్రీ అయింది. ఆ ఆటలో పొట్టిగా ఉన్నవాళ్ళు రాణించడానికి కారణం సులువు. బార్‌ని ఎత్తాల్సిన దూరం తక్కువ. ఒకే బరువు తరగతిలో పొట్టి ఒంటికి కండ దిట్టంగా పడుతుంది. తెలిసిన శిక్షకుడి కళ్ళెదుట, శక్తికి తగ్గ బరువుతో, పద్ధతిగా చేసే సాధన పిల్లల ఎదుగుదలకి అడ్డు కాదని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2020లో మరోసారి చెప్పింది.

అయితే ఆ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. మా తరగతిలో ఒకడుండేవాడు. తెల్లవారుజామున కూరగాయల బజారులో బస్తాలు మోసి, కడుపులో ఏమీ లేకుండా బడికొచ్చేవాడు. చెడుగుడులో వాణ్ణి పట్టినవాడు లేడు. పదో తరగతికి కూడా వాడి గీత స్తంభం మీద అక్కడక్కడే ఉండిపోయింది. "బస్తాలు మోసి గిడసబారాడు పాపం" అనేవారు ఊళ్ళో. 1833లో ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో పనిచేసే పిల్లల ఎత్తులు కొలిచిన విచారణ సంఘానికి కూడా ఇలాంటి పిల్లలే కనిపించారు. జపాన్ మారుమూల పల్లెల్లో చిన్నప్పట్నుంచీ మోత పని చేసిన పిల్లలు పొట్టిగా ఉన్నారని 1960ల్లో అక్కడి వైద్యులు రాశారు. వాళ్ళు మోసిన బరువు మన కంటికి కనిపించింది. తినని అన్నం కనిపించలేదు, పోని నిద్ర కనిపించలేదు, విరేచనాలూ జ్వరాలూ కనిపించలేదు. నా స్నేహితుడి ఎముకల్ని బస్తా కుదించలేదని నేను నమ్ముతున్నాను. వాడికి చిన్నప్పుడే అందాల్సినవి అందలేదు. నలభై ఏళ్ళు దాటినా ఆ గీత గుర్తొస్తే నాకు బాధగానే ఉంటుంది.

తిండి ఏం చేయగలదో మన గడ్డ మీదే తేలింది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చుట్టుపక్కల 29 ఊళ్ళలో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. 15 ఊళ్ళలో గర్భిణులకీ ఆరేళ్ళలోపు పిల్లలకీ అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. పిల్లకి రోజుకి దాదాపు 300 కేలరీలు. 14 ఊళ్ళకి ఆ పథకం అప్పటికి ఇంకా రాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ళ మధ్య వయసుకి వచ్చాక మళ్ళీ వెతికి పట్టుకుని కొలిచారు. ఆహారం అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. 14 మిల్లీమీటర్లంటే పొద్దుటికీ సాయంత్రానికీ ఉండే తేడాపాటిదే. కానీ ఇది సాయంత్రానికి పోయేది కాదు. వాళ్ళ రక్తనాళాలు కూడా మెత్తగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఒక దేశం దేశమే మారితే ఇంకెంత? 1896లో పుట్టిన దక్షిణ కొరియా స్త్రీలకంటే 1996లో పుట్టినవాళ్ళు 20 సెంటీమీటర్లు పొడుగు. వందేళ్ళలో వాళ్ళ జన్యువులు మారలేదు. కంచాలూ, మంచినీళ్ళూ, మందులూ మారాయి. మన దగ్గర 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 31 శాతం, తెలంగాణలో 33 శాతం. వీళ్ళు బడి గడప తొక్కకముందే వెనకబడిపోయారు.

ఇక్కడ మాస్టారి గుగ్గిళ్ళ సంగతి చెప్పాలి. ఆటలయ్యాక అమ్మగారు శనగ గుగ్గిళ్ళు పెద్ద గిన్నెతో పంపేవారు. మాస్టారి జీతంలోంచే. తలా దోసెడు. మమ్మల్ని పెంచింది బారు కాదు, గుగ్గిళ్ళే అని చెప్పేస్తే కథ బాగుంటుంది. వైద్యుడిగా అలా చెప్పలేను. నన్ను తొమ్మిదో తరగతిలో పెంచింది నా ఈడు. మగపిల్లలు సగటున పద్నాలుగేళ్ళ ప్రాంతంలో ఏడాదికి తొమ్మిది సెంటీమీటర్ల దాకా పెరుగుతారు, నాకూ అదే జరిగింది. నా స్నేహితుడికి పన్నెండేళ్ళకి దొరికిన దోసెడు శనగలు రెండేళ్ళకి దొరకనిదాన్ని పూడ్చలేకపోయాయి. అయినా వాడు రోజూ ఆటలకి రావడానికి ఆ గుగ్గిళ్ళూ ఒక కారణం. ఆడే పిల్లకి ఖర్చయినంత తిండి పడకపోతే ఒళ్ళు ముందుగా ఆపేసేది ఎదుగుదలనే, ఆడపిల్లల్లో నెలసరినే. బరువు పెరగకూడదని పిల్లల్ని పస్తులుంచే శిక్షణ శిబిరాలు ఇవాళ కూడా ఉన్నాయి. సాధన వల్ల ఎత్తుకి ముప్పు వచ్చే దారి అంటూ ఉంటే అది ఇదే.

నిద్ర గురించి ఒక్క మాట. అమెరికాలో విస్కాన్సిన్ పరిశోధకులు గొర్రెపిల్లల కాలి ఎముకకి సూక్ష్మమైన కొలత పరికరం అమర్చి చూసి, ఫలితాల్ని 2004లో ప్రచురించారు. ఎముక పెరిగినదాంట్లో 90 శాతం, పిల్ల పడుకుని ఉన్నప్పుడే పెరిగింది. తెల్లవారి నాలుగింటికి ట్యూషన్, ఆరింటికి కోచింగ్, రాత్రి పదకొండు దాకా హోంవర్కు అని పిల్లల్ని తిప్పుతున్న తండ్రులు ఆ గొర్రెపిల్లల్ని ఒకసారి తలచుకోవాలి.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. పదమూడేళ్ళ ఇద్దరు కుర్రాళ్ళ ఎముకల వయసులో మూడు నాలుగేళ్ళ తేడా ఉండొచ్చు. ఒకడికి మీసకట్టు, ఒకడికి ఇంకా పాల బుగ్గలు. జట్టు ఎంపిక నాడు శిక్షకుడి కన్ను మొదటివాడి మీద పడుతుంది. రెండోవాడు ఇంటికి పోయి బ్యాటు మూల పెడతాడు. పదిహేడేళ్ళకి వాడే పొడుగవుతాడేమో, అప్పటికి ఆట మరిచిపోయి ఉంటాడు. తొమ్మిదో తరగతి దాకా మాస్టారు నన్ను వాలీబాల్ జట్టులోంచి తీసేయలేదు. వలకి అందని నాతో సర్వీసులు వేయించారు. ఎదుగుదల గురించి ఆయన చదివింది తక్కువ, పిల్లవాణ్ణి ఆగి చూడడం తెలుసు.

ధర్మనిధి పెద్దలకి నా మనవి ఇది. ఈ ఏడాది వడ్డీలోంచి సాయంత్రం ఆటలకొచ్చే ప్రతి పిల్లకీ ఉడికించిన గుడ్డు గానీ, గుగ్గిళ్ళు గానీ ఏర్పాటు చేయండి. చాలకపోతే మిగతాది నేనూ నా తరగతివాళ్ళూ పెట్టుకుంటాం. మూడో స్తంభం మీద సున్నం వేసేశారు, సరే. గోడకి ఒక కొలత బద్ద బిగించండి. జూన్‌లో, డిసెంబరులో, రెండు సార్లూ పొద్దున ప్రార్థనకి ముందే కొలవండి. ప్రతి పిల్లకీ ఒక పేజీ ఉన్న పుస్తకం నేను అచ్చు వేయించి తెచ్చాను, ఇదిగో ఈ బల్ల మీద ఉంది. ఎవరి గీతైనా ఏడాదిగా కదలకపోతే ఆ పిల్లని నా దగ్గరికి పంపండి. సింగిల్ బార్ తుప్పు పట్టిందని విన్నాను, దానికి రంగు వేయించండి. వేలాడడం పిల్లలకి ఇష్టం.